దసరా సెలవులు, పెరట్లో నాలుగు మడులు



మన గ్రూపులో ఎక్కువగా ఉద్యోగ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాలు, హాస్టల్ సమస్యల మీద పోస్టులు వస్తుంటాయి. అవన్నీ కావాల్సినవే. ఈసారి మేము వేరే సంగతి రాస్తున్నాం. ఇంటి వెనక ఉన్న పెరడు గురించి. కూరగాయల మొక్కల మీద ఇంత పొడుగు పోస్టా అని పక్కకు జరపకుండా కొంచెం ఓపిగ్గా చదవండి. ఇందులో మన ఇంట్లో పిల్లల రక్తం సంగతి ఉంది, మన విత్తనం సంగతి ఉంది, సెలవులకు ఇంటికి పోయి మనం ఏం చేస్తున్నాం అనే సంగతి కూడా ఉంది.

మాలో కొందరం నేలకొండపల్లి వైపు వాళ్ళం. ఇంకొందరం ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో అడవి అంచు గూడేల వాళ్ళం. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించాడు కాబట్టి ఈ రెండు ఊళ్ళ పేర్లు కలిపి చెప్పడం జనానికి అలవాటే. మాకు ఇంకో పోలిక కూడా కనబడుతోంది. ఒక వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే వరి, చెరకు పొలాలు. ఇంకో వైపు వాన మీదే ఆధారపడిన పత్తి, మిర్చి చేలు. నేల వేరు, నీళ్ళు వేరు. కానీ ఇళ్ళ వెనక్కి పోయి చూస్తే రెండు చోట్లా చాలా ఇళ్ళల్లో ఒకటే తీరు. పిచ్చి మొక్కలు మొలిచిన ఖాళీ జాగా, గాలికి ఎగిరే ప్లాస్టిక్ కవర్లు, దండెం కింద బురద. వంటింట్లో మాత్రం సంతలో కొన్న కూరగాయల సంచి. ఆ సంచి కూడా వారం మధ్యకు వచ్చేసరికి ఖాళీ.

మేము చెప్పదలుచుకున్న మాట ఒకటే. మనం దసరాకు ఇంటికి వచ్చే రోజులు, శీతాకాలం కూరగాయలకు పెరడు సిద్ధం చేసే రోజులు దాదాపు ఒకటే. ఈ సెలవుల్లో ప్రతి ఇంట్లో కనీసం నాలుగు మడులు పడాలి. ఆ పని అమ్మ నెత్తిన వేయకుండా మనమే చేయాలి. పంట అయిపోయాక విత్తనం మన ఇంట్లోనే నిలవాలి.

మనోళ్ళకు ఇది కొత్త పని కాదు. కోయోళ్ళు విత్తనాలు చల్లే ముందు విజ్జ పండుం చేస్తారు. విత్తనానికి పండుగ చేసిన తర్వాతే నేలలో వేస్తారు. కొత్త పంట చేతికొస్తే ముందు దేవుడికి, పెద్దలకు పెట్టిన తర్వాతే కొత్తలు తింటారు. లంబాడా తండాల్లో తీజ్ వచ్చిందంటే ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. విత్తనం మొలవడాన్ని పండుగగా చేసుకున్న జాతులం మనం. అలాంటి మన ఇళ్ళల్లో కొత్తిమీర కట్ట కూడా కొనుక్కునే రోజు ఎందుకొచ్చింది?

కారణం అందరికీ తెలిసిందే. ఒకప్పుడు పోడు చేలో ఒకే పంట ఉండేది కాదు. జొన్న, కంది, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, గట్టు మీద గుమ్మడి, దోస, అన్నీ కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడేది. చేనుకు పోతే కూర దొరికేది. తర్వాత పత్తి వచ్చింది, మిర్చి వచ్చింది. వాటితో డబ్బు వచ్చింది, కాదనడం లేదు. మనలో చాలామంది ఫీజులు ఆ డబ్బుతోనే కట్టారు. కానీ పత్తి వండుకుని తినలేం, మిర్చి ఒక్కదానితో కడుపు నిండదు. చేను మొత్తం అంగడి కోసం అయిపోయాక కూర కోసం కూడా అంగడికే పోవాల్సి వచ్చింది. పైగా చేలో గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక మొలవకుండా పోయింది కలుపు ఒక్కటే కాదు. గునుగు కూర, తుమ్మి కూర, గంగవాయిలి కూర కూడా వాటితోనే పోయాయి. ఎవరూ విత్తకుండా, ఎవరికీ డబ్బు ఇవ్వకుండా దొరికిన కూరలు అవి.

అంగడిని నమ్ముకుంటే ఎట్లా ఉంటుందో 2023లో చూశాం. ఆ ఏడు జూలైలో టమాట కిలో వంద రూపాయలు దాటింది. తర్వాత రెండు మూడు నెలల్లోనే ధర పడిపోయి రైతులు పారబోసుకున్నారు. కొనే రోజు మనం నష్టపోయాం, అమ్మే రోజు రైతు నష్టపోయాడు. మిర్చి సంగతి చూస్తే, 2021-22 పంట కాలంలో తామర పురుగు పడి ఖమ్మం జిల్లాలో తోటలకు తోటలే పోయాయి. ఒకే పంట మీద ఇల్లంతా ఆధారపడితే ఒక్క పురుగు చాలు. పెరట్లో పది రకాలు ఉంటే ఏ పురుగూ పదింటినీ ఒకేసారి తినలేదు.

ఇప్పుడు రక్తం సంగతి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా, అంటే 57 శాతం దాటి, ఇదే పరిస్థితి. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. మన గూడేల్లో, తండాల్లో ఎట్లా ఉంటుందో మనకు వేరే లెక్క అక్కర్లేదు. నాట్లకు పోయి వచ్చి కళ్ళు తిరుగుతున్నాయని కూలబడే అమ్మలను, ప్రార్థన దగ్గర నిలబడలేక పడిపోయే చెల్లెళ్ళను చూస్తూనే ఉన్నాం.

మనిషి రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదుగురున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు. మన ఇళ్ళల్లో ఒక పావు కిలో వంకాయలు, రెండు టమాటలు, మిగతాదంతా చింతపండు పులుసు. అన్నం కుప్ప పెద్దది, కూర ముద్ద చిన్నది. రేషన్ బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, అది నిజమే. కానీ బియ్యం పెరిగినట్టు పళ్ళెంలో కూర పెరగలేదు.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఆకుకూర తింటే రక్తహీనత మొత్తం పోతుందని మేము అనడం లేదు. ఏఎన్ఎం అక్క ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే, నులిపురుగుల మాత్ర మింగాల్సిందే. కానీ మాత్ర అయిపోయాక రోజూ పళ్ళెంలో ఉండాల్సింది కూరే. ఆకుకూరలో టమాటనో నిమ్మరసమో పడితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఇంత చిన్న సంగతి కూడా ఇంట్లో చెప్పకపోతే మనం చదివిన సైన్సు ఎందుకు?

ఇక దసరా రోజులే ఎందుకు అంటే, హస్త కార్తె సెప్టెంబరు చివర్లో వస్తుంది. తర్వాత చిత్త, స్వాతి, విశాఖ. అంటే నవంబరు మధ్య దాకా. ఈ యాభై రోజుల్లో వానలు వెనక్కి తగ్గుతాయి, నేలలో పదును మిగిలే ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది, రాత్రులు చల్లబడతాయి. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, క్యారెట్ లాంటివి ఈ చల్లదనంలోనే బాగా వస్తాయి. టమాట వేసవిలో పూత రాలుస్తుంది, ఇప్పుడు వేస్తే కాయ నిలబెడుతుంది. మన పాత పందిరి చిక్కుడు తీగకు ఒక గుణం ఉంది. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే అది పూతకు వస్తుంది. అందుకే తొలకరిలో పెట్టినా అది చలికాలం దాకా ఆగి కాస్తుంది. ఇప్పుడు పెట్టినా తీగ కొంచెం చిన్నగా ఉంటుందేమో కానీ పూత మాత్రం టైముకు వస్తుంది. పుంటికూర కూడా అంతే, ఇప్పుడు వేస్తే తొందరగా పూతకొస్తుంది, కాబట్టి లేతగా ఉన్నప్పుడే కోసుకోవాలి.

వరదలు వచ్చిన ఏడాది ఈ పెరడు ఇంకా అవసరం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. అట్లాంటి వానలకు తీగలు కుళ్ళిపోతాయి, దారులు తెగితే కూరగాయల బండి ఊళ్ళోకి రాదు. మళ్ళీ నిలదొక్కుకోవాలంటే తొందరగా చేతికొచ్చేది ఆకుకూరే. మెంతి, తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తాయి. పాలకూర నెల దాటగానే వస్తుంది, ముల్లంగికి నెలన్నర. నీళ్ళు తీసిన వారంలో విత్తనం చల్లితే నెల తిరిగేసరికి కూర ఉంటుంది.

ఎట్లా వేయాలో ఇప్పుడు చెబుతాం. అర గుంట జాగా, అంటే 60 గజాలు ఉంటే చాలా ఎక్కువ. అంతకన్నా తక్కువ ఉన్నా పర్వాలేదు. ముందు రాళ్ళు, ప్లాస్టిక్, గాజు పెంకులు ఏరేయండి. వానలు తెరిపి ఇచ్చిన రోజు చూసి జానెడు లోతు తవ్వండి, నాలుగు రోజులు ఎండనివ్వండి. తర్వాత బాగా చివికిన పశువుల ఎరువు గానీ మేకల ఎరువు గానీ కలపండి. పచ్చి పేడ వేయకండి, అది వేడి చేసి వేరును చంపుతుంది, పురుగును పిలుస్తుంది. మడి వెడల్పు అటు కూర్చున్నా ఇటు కూర్చున్నా చెయ్యి మధ్యదాకా అందేంత ఉంటే చాలు, లోపల కాలు పెట్టే పని ఉండదు. నేలకొండపల్లి వైపు నల్లరేగడి ఉన్నచోట మడిని జానెడు ఎత్తు లేపాలి, లేకపోతే దసరా తర్వాత పడే వానకు నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళుతాయి. అడవి అంచు ఎర్ర చెల్కల్లో దీనికి తలకిందులు. అక్కడ నీళ్ళు నిలవవు కాబట్టి మడి కొంచెం పల్లంగా ఉండాలి.

మొదటి మడి ఆకుకూరలకు. మొత్తం ఒకేసారి చల్లకండి. మూడు ముక్కలు చేసి పది రోజులకు ఒక ముక్కలో చల్లితే కూర ఆగకుండా వస్తుంది. తోటకూర విత్తనం చాలా సన్నం, ఇసుకలో కలిపి చల్లాలి. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. పాలకూర, మెంతులు రాత్రి నానబెట్టి వేస్తే తొందరగా మొలుస్తాయి. విత్తనం ఎంత లావుంటే దానికి రెండు మూడింతల లోతు చాలు, అంతకన్నా లోపలికి పోతే మొలకకు పైకి వచ్చే శక్తి ఉండదు.

రెండో మడి టమాట, వంకాయ, నాలుగు మిరప చెట్లకు. వీటికి ముందు ఒక మూల నారు పోసి, నెల రోజులకు సాయంత్రం పూట నాటాలి. సెలవులు అయిపోయి మనం హాస్టల్‌కు వెళ్ళిపోతే నాటేది ఎవరు అంటారా? సెలవుల మొదటి రోజే నారు పోస్తే దీపావళికి కొంచెం అటూ ఇటూ నాటడానికి వస్తుంది. లేదంటే ఊళ్ళో నారు అమ్మేవాళ్ళ దగ్గర తెచ్చి పెట్టండి, ఇరవై మొక్కలు ఒక ఇంటికి చాలు.

మూడో మడి దుంపలకు. ముల్లంగి, క్యారెట్, ఒక వరస ఉల్లి. మట్టి పొడి పొడిగా లేకపోతే క్యారెట్ వంకరపోతుంది. నాలుగోది మడి కాదు, పాదులు. దడి వెంట చిక్కుడు, సొర, బీర, కాకర. పందిరికి కొత్తగా ఏమీ కొనొద్దు. వెదురు, కంది కట్టె, పాత జీఐ తీగ సరిపోతాయి. ఇంటి కప్పు మీదికి పాకించేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. పూరి కప్పు అయితే పర్వాలేదు, రేకు అయితే ఎండకు కాలి లేత తీగ మాడిపోతుంది. ముందు రేకు మీద కంప గానీ కంది కట్టె గానీ పరవండి. బెండ వేయాలనుకుంటే చలి ముదరక ముందే వేయాలి. చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెట్టండి, బతుకమ్మకు పూలు ఈసారి కొన్నా వచ్చే ఏటికి విత్తనం మిగులుతుంది.

చిక్కుడుకు పేనుబంక పడితే తెల్లారి మంచు తడి మీద జల్లెడ పట్టిన బూడిద చల్లడం మన అవ్వలు చేసిన పనే. ఎక్కువైతే లీటరు నీళ్ళకు 50 గ్రాముల వేప గింజల పలుకు దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. చేనుకు తెచ్చిన పత్తి మందు ఇంకొంచెం మిగిలింది కదా అని పెరట్లో కొట్టకండి. అది తినే కూర. మందు డబ్బాలను కడిగి మొక్కలు పెట్టడం, వాటితో నీళ్ళు పోయడం చాలా ఇళ్ళల్లో చూస్తున్నాం. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా పనికిరాదు. కుండీ లేకపోతే పాత సిమెంటు సంచి చాలు.

ఇప్పుడు మాకు ఎదురయ్యే ప్రశ్నలు. మొదటిది కోతులు. ఈ ప్రశ్నను నవ్వి వదిలేయలేం. కోతుల వల్లే పెరడు మానేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. పూర్తి మందు మా దగ్గర లేదు. కానీ కాకర, మిరప, మెంతి, కొత్తిమీర, పుంటికూర, చేమ లాంటివాటి జోలికి అవి తక్కువ వస్తాయి. టమాట, సొర, మక్కజొన్న కనిపిస్తే వదలవు. కాబట్టి కోతులు ఎక్కువున్న ఊళ్ళో ఆకుకూరలతో, చేదు, కారం రకాలతో మొదలుపెట్టండి. పాత చేపల వల దొరికితే మడి మీద కప్పండి. ఒక్క ఇల్లు వేస్తే మంద మొత్తం అక్కడే పడుతుంది, వాడంతా వేస్తే కాపలా కూడా వాడంతా కాస్తుంది.

రెండోది నీళ్ళు. అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు రోజూ వాకిట్లోకి పారబోస్తున్నాం. బియ్యం కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయొచ్చు. అంట్ల నీళ్ళు అరటి, బొప్పాయి, చేమ, చిక్కుడు పాదులకు మళ్ళించండి. పచ్చిగా తినే కొత్తిమీర లాంటివాటికి మాత్రం మంచి నీళ్ళే పోయాలి. చలికాలం ఆకు మడికి రోజూ నీళ్ళు అక్కర్లేదు, రెండు రోజులకు ఒకసారి పొద్దున పూట చాలు.

మూడోది, సంతలో పది రూపాయలకు దొరికేదానికి ఇంత కష్టం ఎందుకు అనే మాట. లెక్క వేద్దాం. ఒక ఇంటికి వారానికి కూరగాయలకు 300 రూపాయలు అనుకుందాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 17 వారాలు. మొత్తం 5,100 రూపాయలు. పెరడు అందులో సగం ఇచ్చినా 2,500 దాకా మిగులుతుంది. ఇది పెద్ద మొత్తం కాదు అనొచ్చు. కానీ అసలు సంగతి మిగిలిన డబ్బులో లేదు. డబ్బు లేని వారం కూడా కూర ఆగకుండా ఉండటంలో ఉంది. కూలి దొరకని వారం, పత్తి డబ్బులు ఇంకా చేతికి రాని వారం ముందు తగ్గేది కూరే. తగ్గించుకునేది కూడా ముందు అమ్మే.

నాలుగోది జాగా లేదనే మాట. కాలనీ ఇళ్ళల్లో నిజంగానే జాగా లేదు. అక్కడ గడప పక్కన నాలుగు సంచుల్లో కొత్తిమీర, మెంతి, ఒక మిరప, గోడకు ఒక చిక్కుడు పాదు. అంత చాలు. తొంభయ్యో దశకంలో క్యూబాకు బయటి దేశాల నుంచి నూనె, ఎరువులు, తిండి రావడం ఆగిపోతే హవానా పట్నం జనం ఖాళీ స్థలాల్లో, ఇళ్ళ మధ్య మడులు కట్టి కూరగాయలు పండించుకున్నారు. పట్నంలో వాళ్ళకు దొరికిన జాగా మన ఊళ్ళో మనకు దొరకదా?

విత్తనం దగ్గరికి వద్దాం, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. దుకాణంలో కొన్న ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే ఆ కాయల నుంచి తీసిన విత్తనం మళ్ళీ అదే రకంగా రాదు. ప్రతి ఏడూ కొనాల్సిందే. ఎరుపో ఆకుపచ్చో రంగు పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం, పిల్లలకు అందకుండా పెట్టాలి, వేశాక చేతులు కడుక్కోవాలి. మొదటి ఏడాది కొనక తప్పకపోతే కొనండి. కానీ మీ ఊళ్ళో ఏ అవ్వ దగ్గరో పాత చిక్కుడు, పాత సొర, పొట్టి బీర, నాటు టమాట గింజలు ఇంకా ఉంటాయి. ముందు అక్కడికి పోయి అడగండి.

మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లా అకోలే తాలూకాలో రాహీబాయి పోపెరే అనే ఆదివాసీ అమ్మ ఉంది. మహాదేవ్ కోలీ తెగ. బడికి పోలేదు. ఇంటి చుట్టూ కూరగాయలు పెంచుతూ, పాత రకాల విత్తనాలు ఏరి దాచడం మొదలుపెట్టింది. అందులో చిక్కుడు రకాలే ఎన్నో. చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఆ విత్తనాలు ఇచ్చింది, పెరడు వేయించింది. జనం ఆమెను విత్తనాల అమ్మ అంటారు. 2020లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది. మన రాష్ట్రంలోనే జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఊరూరా విత్తన బ్యాంకులు నడిపి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి తెచ్చుకున్నారు. వీళ్ళెవరూ డిగ్రీలు చదివి ఈ పని చేయలేదు. మన అవ్వలకు తెలిసిన పనినే వదలకుండా చేశారు. మనం మాత్రం బోటనీలో మార్కులు తెచ్చుకుని, అవ్వ కట్టిన విత్తనాల మూట చెదలు పట్టినా చూడడం లేదు.

దాచే పద్ధతి కష్టమేమీ కాదు. తీగ మధ్యలో కాసిన మంచి కాయను కోయకుండా గుడ్డ కట్టి గుర్తు పెట్టండి. చిక్కుడు, బీర తీగ మీదే ఎండాలి. వంకాయ పసుపు పచ్చగా పండే దాకా ఉంచాలి. టమాట గింజలు గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెట్టి, కడిగి నీడలో ఆరబెట్టాలి. సొర, బీర, గుమ్మడికి తేనెటీగలు పుప్పొడి మోస్తాయి కాబట్టి పక్కపక్కనే ఒకే జాతిలో రెండు రకాలు వేస్తే కలిసిపోతాయి. ఒక ఇంట్లో ఒక రకం, పక్కింట్లో కూడా అదే రకం అనుకుంటే మంచిది. బాగా ఎండిన గింజలను బూడిద, ఎండు వేపాకు కలిపి సొరకాయ బుర్రలోనో గాజు సీసాలోనో పోసి మూత పెట్టండి. మీద రకం పేరు, ఊరి పేరు, ఏడాది రాసిన కాగితం అంటించండి. అవ్వకు గుర్తుంటుంది, మనకు గుర్తుండదు.

ఇంకో మాట అబ్బాయిలకు. పెరడు అంటే ఆడవాళ్ళ పని అనే అలవాటు మన ఇళ్ళల్లో పాతుకుపోయింది. తవ్వేది, నీళ్ళు మోసేది, కలుపు తీసేది అమ్మో చెల్లెలో అయితే, మనం సలహా ఇచ్చి ఫోటో తీసుకుంటే, ఈ పోస్టు వల్ల వాళ్ళకు ఇంకో పని పెరిగినట్టే. అట్లా అయితే అసలు మొదలే పెట్టకండి. తవ్వడం, దడి కట్టడం, పందిరి వేయడం, ఎరువు మోయడం సెలవుల్లో మన వంతు. మనం వెళ్ళిపోయాక నీళ్ళ పని ఇంట్లో అందరూ పంచుకునేలా మాట్లాడి వెళ్ళాలి.

ఇది చదివి కొందరు అధికారులు సంతోషపడొచ్చు, గిరిజనులు వాళ్ళ కూర వాళ్ళే పండించుకుంటారట అని. అట్లా చేతులు దులుపుకోవడానికి మేము ఒప్పుకోం. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు సరిగా రావాలి. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో మెనూలో రాసిన కూర పళ్ళెంలో కనబడాలి. ఆస్పత్రిలో రక్త పరీక్ష చేయాలి. పట్టా రాని పోడు రైతుకు పట్టా రావాలి. అవన్నీ హక్కులు, వాటికి కొట్లాడుతూనే ఉంటాం. బడుల్లో పోషణ తోటలు పెంచాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అంగన్‌వాడీల దగ్గర పోషణ వాటికలు పెట్టాలని పోషణ్ అభియాన్ కింద చెబుతోంది. అవి మన హాస్టల్ వెనక ఖాళీ జాగాలోకి ఎందుకు రాలేదో వార్డెన్ సారును, మేడంను మర్యాదగానే అడుగుదాం. విత్తనం, నీళ్ళ పైపు, దడి వాళ్ళు ఇస్తే పని మనం చేద్దాం. ఒక షరతు ఉండాలి. ఆ కూర పిల్లల పళ్ళెంలోకే రావాలి, చదువు టైములో పిల్లలతో పని చేయించకూడదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అని మనోళ్ళ సామెత. దగ్గరున్నదాన్ని లెక్కచేయం అని దాని అర్థం. మన విషయంలో అది అక్షరాలా జరిగింది. మునగ చెట్టు ఇంటి ముందు ఉంటే ఆకు రాలి చెత్త అవుతోందని కొట్టేస్తున్నాం, అదే ఆకు పొడిని సీసాలో పోసి పట్నంలో అమ్ముతుంటే గొప్పగా చూస్తున్నాం. బోడకాకర అడవిలో మనోళ్ళే ఏరి సంతలో అమ్మి, ఆ డబ్బుతో రంగు నీళ్ళ సీసా కొనుక్కుని వస్తున్నాం. హాస్టల్లో మన కూరల పేర్లు చెప్పడానికి సిగ్గుపడే తమ్ముళ్ళను కూడా చూశాం. అది తిని బతికిన జాతి మనది. అందులో సిగ్గు ఎందుకు?

కాబట్టి ఈ దసరాకు మా వాళ్ళం అనుకున్నది ఇది. సెలవు ఇచ్చిన మర్నాడే నారు పోయాలి. మొదటి వారంలో నాలుగు మడులు పడాలి. ఊళ్ళో ముసలవ్వల దగ్గర ఏ పాత విత్తనాలు ఉన్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి, రకం పేరు మన భాషలో ఏమంటారో అది కూడా. తెగుళ్ళ సంగతి తెలియకపోతే వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మండలం ఉద్యాన అధికారిని గానీ అడగాలి. సంక్రాంతికి మళ్ళీ ఇంటికి వస్తాం కదా, అప్పటికి చిక్కుడు కాపులో ఉంటుంది. అప్పుడు విత్తనానికి కాయలు గుర్తు పెట్టాలి. ఎండాకాలం సెలవుల్లో ఒక ఊరి వాళ్ళు ఇంకో ఊరి వాళ్ళకు గుప్పెడు గుప్పెడు ఇచ్చి పుచ్చుకోవాలి. నేలకొండపల్లి వైపు చిక్కుడు గింజ భద్రాచలం వైపు దడి ఎక్కాలి, అక్కడి సొర ఇటు రావాలి.

మీ ఊళ్ళో ఏ రకం మిగిలిందో, ఎంత ఇవ్వగలరో గ్రూపులో రాయండి. నాటు వంకాయ, పొట్టి బీర మా దగ్గర లేవు, ఎవరి ఇంట్లో ఉన్నా ముందుగా చెప్పండి. కబురు పెడితే వచ్చి తీసుకుంటాం.

జోహార్. రాం రాం.